ఒక్క రాత్రి పొరుగు

అమెరికాలో స్థిరపడిన మన పిల్లలు ఇప్పుడు సెలవులకు బయలుదేరేటప్పుడు హోటలు గది వెతుక్కోవడం మాని, ఇంటినే వెంట తీసుకుపోవడం నేర్చుకున్నారు. ఆర్.వి. అని పిలుచుకునే ఆ వాహనం పైకి చూస్తే బస్సు, లోపల అడుగుపెడితే ఇల్లు. మంచాలు, గ్యాసు పొయ్యి, ఫ్రిజ్, స్నానాలగది, మరుగుదొడ్డి, భోజనానికి కూర్చునే బల్ల, అన్నీ అందులోనే. కొందరు సొంతంగా కొనుక్కుంటారు. మనవాళ్ళు చాలామంది నాలుగు రోజులకు అద్దెకు తెచ్చుకుంటారు. రహదారుల వెంట ఈ బండ్లను నిలుపుకోవడానికి కేంప్‌గ్రౌండ్లనే మకాములు ఉన్నాయి. ఒక్కో బండికి ఒక్కో జాగా, పక్కనే నీటి కుళాయి, కరెంటు పెట్టె, మురుగు గొట్టం తగిలించే రంధ్రం, ఒక కొయ్యబల్ల, నెగడు వేసుకోవడానికి ఇనుప చట్రం ఉంటాయి. పిల్లలకు ఆటస్థలం, బట్టలు ఉతుక్కునే గది, ఉమ్మడి స్నానాలగదులు వేరుగా ఉంటాయి. 1962లో సియాటిల్ నగరపు ప్రపంచ ప్రదర్శనకు కార్లలో వెళ్ళే కుటుంబాలు మోంటానా రాష్ట్రంలోని బిల్లింగ్స్ పట్టణం మీదుగా సాగిపోతుంటే, అక్కడి నది ఒడ్డున వారికి బస కల్పించాలన్న డేవ్ డ్రమ్ అనే వ్యాపారి ఆలోచన నుంచి కె.ఓ.ఏ. పేరిట దేశమంతటా అల్లుకున్న కుటుంబ మకాముల వ్యవస్థ పుట్టింది.

బిడారులూ సరాయిలూ ఎరిగిన సమాజానికి ఇది మరీ వింత కాదు. నాంపల్లి రైల్వేస్టేషను ఎదుట నిజాం కాలంలో కట్టించిన సరాయిని చూసిన పాఠకులు ఎందరో ఉంటారు. కాని సరాయికి గోడలుండేవి. ఈ మకాంలో గోడ లేదు. మీ బండికీ పక్క బండికీ నడుమ పది పదిహేను అడుగుల ఖాళీ జాగా మాత్రమే ఉంటుంది. మీ పోపు వాసన వారికి చేరుతుంది, వారి కుక్క అరుపు మీకు వినిపిస్తుంది. తెల్లవారితే వారెవరో, మీరెవరో. ఆ ఒక్క రాత్రికి మాత్రం వారు మీ పొరుగు.

ఈ పొరుగుకు ధర్మంలో స్థానం ఉన్నదా అని అడిగితే, ఉన్నది. దివ్య ఖుర్‌ఆన్‌లోని అన్‌నిసా సూరా 36వ ఆయతులో అల్లాహ్ తన ఆరాధనను ఆదేశించి, తల్లిదండ్రులు, బంధువులు, అనాథలు, నిరుపేదలతో సద్వర్తనను విధించి, ఆపైన పొరుగువారిని ప్రస్తావించాడు. అక్కడ బంధువైన పొరుగువాడు ఉన్నాడు, పరాయివాడైన పొరుగువాడు ఉన్నాడు, మూడవవాడుగా ‘అస్సాహిబి బిల్‌జంబ్’, అంటే పక్కన ఉన్న సహచరుడు ఉన్నాడు. వెంటనే బాటసారి ప్రస్తావన వస్తుంది. ఈ మూడవ మాటకు ప్రయాణంలో తోడైనవాడు, కొద్దిసేపు మన పక్కన కూర్చున్నవాడు అని వ్యాఖ్యాతలు అర్థం చెప్పారు. జీవిత భాగస్వామి అని చెప్పినవారూ ఉన్నారు. ఈ రెండు అర్థాలూ ఒకే చోట పరీక్షకు నిలిచే స్థలం ఈ రహదారి మకాం. పక్క బండిలోని అపరిచితుడు ఒక వంక, మన బండిలో పొయ్యి దగ్గర నిలబడ్డ ఇల్లాలు మరొక వంక.

గడచిన డిసెంబరులో మా అబ్బాయి కుటుంబంతో కలిసి ఫీనిక్స్ నగరం నుంచి ఇంటర్‌స్టేట్ 10 రహదారి మీద పడమరగా బయలుదేరాము. సుమారు రెండు వందల కిలోమీటర్ల దూరంలో, కాలిఫోర్నియా సరిహద్దుకు కాస్త ఇవతల, క్వార్ట్‌జ్‌సైట్ అనే ఎడారి పల్లె ఉన్నది. 2020 జనాభా లెక్కల్లో అక్కడి నివాసులు రెండున్నర వేలకు లోపే. వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది గనుక ఊరు నిద్రపోయినట్లు ఉంటుంది. చలికాలం వస్తే మాత్రం చుట్టుపక్కల మైదానమంతా బండ్లతో నిండిపోతుంది. ఉత్తరాది రాష్ట్రాల నుంచీ కెనడా నుంచీ మంచును తప్పించుకుని దిగివచ్చే ఆ వృద్ధ దంపతులను ‘స్నోబర్డ్’లు అంటారు. మన కొల్లేటికి చలికాలంలో వచ్చే వలస పక్షుల వంటివారే. జనవరిలో అక్కడ రంగురాళ్ళ సంతలు సాగుతాయి. ఊరి బయట ప్రభుత్వ భూముల్లో పధ్నాలుగు రోజుల వరకు ఉచితంగా ఉండే వీలున్నది గాని, అక్కడ కుళాయీ కరెంటూ ఉండవు. పిల్లలూ ముసలివాళ్ళూ ఉన్న కుటుంబానికి రహదారి పక్కన సదుపాయాలున్న మకామే మేలు.

బయలుదేరే ముందు మా కోడలు ఒక మాట అన్నది. “అత్తమ్మా, ఇంట్లో చేసే పనే అక్కడా చేయాలి. కాకపోతే చక్రాల మీద, ఇరుకులో చేయాలి. మరి సెలవు ఎవరికి?” ఈ ప్రశ్నను తేలికగా తీసివేయకూడదు. కుటుంబ విహారమని పేరు పెట్టి, ఇల్లాలిని ఆరడుగుల వంటగదిలోకి మార్చడం మన ఇళ్ళలో తరచుగా జరిగే సంగతే. దైవప్రవక్త (స) ఇంట్లో ఏమి చేసేవారని హజ్రత్ ఆయిషా (రజి)ని అడిగితే, ఇంటివారి పనుల్లో ఉండేవారనీ, నమాజు వేళ కాగానే లేచి వెళ్ళేవారనీ ఆమె తెలిపారు. ఇది బుఖారీలో ఉన్నది. ముగ్గురు ప్రయాణానికి బయలుదేరితే ఒకరిని అమీరుగా ఎన్నుకోమన్న ఉపదేశం అబూదావూద్‌లో ఉన్నది. మా అబ్బాయిని అమీరుగా ఎన్నుకున్నాము. అమీరు పదవితో పాటు మురుగు గొట్టం కూడా వస్తుందని నేను అతడికి ముందే చెప్పాను. మా మనవడికి పదమూడేళ్ళు. గిన్నెలు తోమడం వాడి వంతుకు వచ్చింది. మగపిల్లవాడికి ఈ పనేమిటని ఫోనులో ఒక బంధువు ఆశ్చర్యపోయారు. వారికి పై హదీసునే వినిపించాను.

ఆ పెద్ద బండిని నడపడం కారు నడిపినట్లు కాదు. ఎత్తు పది పన్నెండు అడుగులుంటుంది కనుక చెట్టు కొమ్మలూ తక్కువ ఎత్తు వంతెనలూ చూసుకోవాలి. కదులుతున్నంతసేపు అందరూ బెల్టులు పెట్టుకుని కూర్చోవాలే గాని, టీ పెడదామని ఎవరూ లేవకూడదు. మలుపు కాస్త వేగంగా తిరిగితే అల్మరాలో పింగాణీ అంతా మోగుతుంది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా నాకు అంజషా (రజి) గుర్తుకు వచ్చారు. స్త్రీలు ప్రయాణిస్తున్న ఒంటెలను ఆయన పాట పాడుతూ వేగంగా తోలుతుంటే, ఆ స్త్రీలను గాజు పాత్రలతో పోల్చి, నెమ్మదిగా తోలమని దైవప్రవక్త (స) వారించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలోని ఈ ఉదంతాన్ని మా అబ్బాయికి దారిలో రెండుసార్లు జ్ఞాపకం చేయవలసి వచ్చింది.

మకాం చేరేసరికి అసర్ దాటింది. కొత్త చోట దిగినప్పుడు, అల్లాహ్ పరిపూర్ణ వచనాల శరణు వేడి, ఆయన సృష్టించిన వాటి కీడు నుంచి రక్షణ కోరే చిన్న దుఆ ఒకటి ఉన్నది. హజ్రత్ ఖౌలా (రజి) ఉల్లేఖించిన ఆ దుఆ చదివినవారికి అక్కడి నుంచి కదిలే వరకు ఏదీ హాని చేయదని ముస్లిం గ్రంథంలో ఉన్నది. పిల్లల చేత చదివించాము. రాత్రి మజిలీ చేసేటప్పుడు దారి మీద దిగవద్దనీ, అది రాత్రివేళ జంతువులూ విషపురుగులూ తిరిగే చోటనీ ఆయన (స) చెప్పిన మాట కూడా అదే గ్రంథంలో ఉన్నది. అలసిపోయి రహదారి అంచున బండి ఆపి కునుకు తీసేవారు దీన్ని గుర్తుంచుకోవాలి. అక్కడ తేలూ పామూ కంటే వెనుక నుంచి దూసుకువచ్చే లారీ ఎక్కువ ప్రమాదకరం.

ఇక నీటి సంగతి. కుళాయికి గొట్టం తగిలించినా, బండిలోని వేడినీటి తొట్టి చిన్నది. సాధారణంగా ఆరు గాలన్లు, అంటే సుమారు 23 లీటర్లు. అదీగాక వాడిన నీరంతా బండి కిందనున్న తొట్టిలో చేరుతుంది. అది నిండితే ఖాళీ చేసేదాకా స్నానం లేదు, గిన్నెలు లేవు. ఆరుగురు మనుషులు, రోజుకు ఐదుసార్లు వుజూ! దైవప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో, అంటే రెండు అరచేతులు కలిపి పట్టినంత కొలతతో వుజూ చేసేవారనీ, నాలుగైదు ముద్ద్‌ల నీటితో గుస్ల్ ముగించేవారనీ హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. ఫీనిక్స్ ఇంట్లో కుళాయి ధారగా వదిలి వుజూ చేసే మా మనవరాలికి ఈ మాట ఎన్నోసార్లు చెప్పి ఉంటాము. ఆ బండిలో తొట్టి నిండినట్లు చూపే ఎర్రదీపం వెలిగేసరికి తనంతట తానే ఒక గాజుగ్లాసు తెచ్చి, అందులోని నీటితో వుజూ పూర్తిచేసి, అడుగున మిగిలిన నీటిని గర్వంగా చూపించింది.

మురుగు విషయం చెప్పడానికి కొందరు మొహమాటపడతారు. నాకు అందులో బిడియపడవలసినదేమీ కనిపించదు. తహారత్ మన దీన్‌లో సగమని విన్నవాళ్ళం. బండి కింద రెండు తొట్లు ఉంటాయి. ఒకటి మరుగుదొడ్డిది, రెండవది వంటకూ స్నానానికీ వాడిన నీటిది. చేతొడుగులు తొడుక్కుని, గొట్టాన్ని బిగించి, ముందు మరుగుదొడ్డి తొట్టిని వదలాలి. తరువాత రెండవది వదిలితే ఆ నీరు గొట్టాన్ని కడుగుతూ పోతుంది. తాగునీటి గొట్టాన్నీ మురుగు గొట్టాన్నీ ఎన్నడూ ఒకచోట పెట్టకూడదు. ఎడారి కదా, ఎవరు చూస్తారని వాడిన నీటిని నేల మీద వదిలేసేవారు ఉన్నారు. జనం నడిచే దారిలో, నీడపట్టున, నీటి రేవుల దగ్గర మలవిసర్జన చేయడం శాపాన్ని కొనితెచ్చే పనులని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఆ జాబితాలో చెప్పిన చోట్లన్నీ మరొక మనిషి వచ్చి నిలిచే చోట్లే. మనం వెళ్ళిన గంటకు మరొక కుటుంబం అదే జాగాలో దిగుతుంది. వారి పిల్లలు అదే నేల మీద ఆడుకుంటారు. వారి ముఖం కూడా మనం చూడబోము. అయినా వారు మన పొరుగే.

నమాజు విషయంలో మొదట ఇంట్లో ఒక చర్చ నడిచింది. హనఫీ ఫిఖహ్ ప్రకారం 48 మైళ్ళు దాటి, పదిహేను రోజులకు తక్కువ బస చేసే ఉద్దేశంతో వెళ్ళినవారు ముసాఫిర్లు. నాలుగు రకాతుల ఫర్జ్ నమాజులను రెండు చేసుకుంటారు. ఫజ్ర్, మగ్రిబ్‌లు యథాతథం. రెండు నమాజులను కలిపి చదవడం గురించి ఇమాముల నడుమ అభిప్రాయభేదం ఉన్నది గనుక ఎవరి ఉలమాను వారు అనుసరించాలి. దిక్కు విషయంలో నాబోటివారికి తికమక. జీవితమంతా పడమరకు తిరిగి నిలబడినదాన్ని. అరిజోనా నుంచి ఖిబ్లా ఈశాన్యంగా ఉంటుంది. సూర్యుడు అస్తమిస్తున్న వైపే నా కాళ్ళు తిరుగుతుంటే మా మనవరాలు నా భుజాలు పట్టుకుని సరిచేసేది.

అసలు చర్చ దిక్కు గురించి కాదు. బయట చదవాలా, లోపల తెరలు వేసుకుని చదవాలా అన్నది. మా మనవడు లోపలే అన్నాడు. చుట్టూ ముప్పై నలభై బండ్లు. కొన్నిటి మీద జెండాలు, రాజకీయ నినాదాలు. వాడి భయాన్ని పిరికితనమనడం నాకు ఇష్టం లేదు. ఆ దేశంలో పెరిగే మన పిల్లలు తమ పేరు, తమ తల్లి తలమీది వస్త్రం, తమ టిఫిను డబ్బా వీటికి బడిలో ఎన్ని జవాబులు చెప్పుకుంటారో, సెలవులకు వెళ్ళి వచ్చే మనకు పూర్తిగా అర్థం కాదు. నిలిపి ఉంచిన బండిలో నమాజు నిస్సందేహంగా నెరవేరుతుంది. ఆ రాత్రి మగ్రిబ్, ఇషాలు లోపలే అయ్యాయి. అయితే నడవ రెండడుగుల వెడల్పు. ఇద్దరికి మించి వరుస కట్టే వీలు లేదు. ఒకరి సజ్దా అయ్యాక మరొకరు, ఆరుగురం మూడు విడతలుగా చదివాము. భూమి అంతా తనకు మసీదుగా, పరిశుద్ధమైనదిగా చేయబడిందని దైవప్రవక్త (స) చెప్పిన మాట ఆ ఇరుకులో నాకు చాలాసేపు చెవుల్లో మెదిలింది. కాని ఏమీ అనలేదు. పిల్లవాడి సంకోచాన్ని పెద్దల మాటతో తొక్కివేస్తే నమాజు పెరగదు, సంకోచమూ తగ్గదు.

ఆ సాయంకాలమే నెగడు దగ్గర మరొక సంగతి జరిగింది. పక్క బండిలో మిన్నెసోటా నుంచి వచ్చిన వృద్ధ దంపతులు ఉన్నారు. మా పిల్లలను చూసి ఆ ముసలావిడ పుల్లలకు గుచ్చిన మార్ష్‌మాలోలు పట్టుకుని వచ్చింది. నిప్పు మీద కాల్చుకు తినే తెల్లని మెత్తని మిఠాయి అది. అమెరికా పిల్లలకు అది లేని నెగడు నెగడే కాదు. అక్కడ మామూలు దుకాణాల్లో దొరికే మార్ష్‌మాలోలలో చాలావరకు పంది నుంచి తీసిన జెలటిన్ కలుస్తుంది. తొమ్మిదేళ్ళ మనవరాలు చేయి చాచి, ఆగి, తల్లి వంక చూసింది. వద్దంటే ఆవిడ మనసు నొచ్చుకుంటుంది. తీసుకుని పారేస్తే అది మరొక రకం అబద్ధం. మా కోడలు చిరునవ్వుతో, “మీరు తెచ్చినందుకు ఎంతో సంతోషమండీ. మేము పంది పదార్థం తినము, దీని జెలటిన్‌లో అది ఉంటుంది. మా దగ్గర ఎద్దు జెలటిన్‌తో చేసినవి ఉన్నాయి, మీరు వాటిని మాతో కలిసి కాల్చుకోండి” అన్నది. హలాల్ దుకాణంలో కొన్న పొట్లం ముందే పెట్టెలో సర్దుకున్నది! ఆవిడ తన పుల్లలను ఖాళీ చేసి, అవే మా పిల్లలకు ఇచ్చింది. ఆ పుల్లలు కూడా కడగాలి కదా అని నాకు లోపల అనిపించింది. కోడలికి అంతకుముందే తట్టింది; చడీచప్పుడు లేకుండా లోపలికి తీసుకెళ్ళి కడిగి తెచ్చింది. ఇటువంటి చోట్ల ఉమ్మడి ఇనుప జల్లెడల మీద మాంసం కాల్చుకునేవారు తమ జల్లెడ తాము తెచ్చుకోవడమో, దళసరి అల్యూమినియం రేకు పరచుకోవడమో మంచిది.

మరునాడు మధ్యాహ్నం కోడి షోర్వా కాచినప్పుడు నేను గిన్నెలో మరి రెండు గ్లాసుల నీళ్ళు పోశాను. షోర్వా వండినప్పుడు నీరు కాస్త ఎక్కువ పోసి పొరుగువారిని గుర్తుంచుకోమని హజ్రత్ అబూజర్ (రజి)కు దైవప్రవక్త (స) చేసిన ఉపదేశం ముస్లిం గ్రంథంలో ఉన్నది. అందులో మాంసం ఎక్కువ వేయమని లేదు, నీరు ఎక్కువ పోయమని ఉన్నది. లేమిలో ఉన్నవాడికి కూడా సాధ్యమయ్యే ధర్మమది. మిరియాలు తగ్గించి ఒక గిన్నె పంపాము. ఆ పెద్దాయన గిన్నె తిరిగి ఇస్తూ, ముప్పై ఏళ్ళుగా బండిలో దేశం తిరుగుతున్నాననీ, వేడివేడి వంటకం పొరుగువారు తెచ్చి ఇవ్వడం ఎన్నడూ చూడలేదనీ అన్నాడు. వారి కుక్క గురించి కూడా మాట్లాడుకున్నాము. మా నమాజు బట్టలకు దాని నోరు తగలకూడదని మా అబ్బాయి వివరిస్తే, ఆయన ఆ మూడు రోజులూ దాన్ని గొలుసు విడవలేదు. మనం చెప్పకపోతే వారికి తెలియదు. చెప్పడంలో కసురు లేకపోతే వారు వింటారు.

క్వార్ట్‌జ్‌సైట్‌లో చూడదగినవాటిలో మొదటిది ఊరి శ్మశానం. విహారానికి వచ్చి శ్మశానమా అనుకోవద్దు. అక్కడ రాళ్ళతో కట్టిన చిన్న పిరమిడ్ ఉన్నది; దాని కొన మీద రాగిరేకు ఒంటె. 1935లో అరిజోనా రహదారుల శాఖ కట్టించిన ఆ గుర్తు కింద ఉన్న మనిషి పేరు ఫలకం మీద ‘హై జాలీ’ అని ఉంటుంది. అసలు పేరు హాజీ అలీ.

1855లో అమెరికా కాంగ్రెస్ ఒక వింత పద్దుకు 30 వేల డాలర్లు మంజూరు చేసింది. నైరుతి ఎడారులలో సైన్యపు సరుకులు మోయడానికి ఒంటెలు కొనాలని. అందుకు పట్టుబట్టినవాడు అప్పటి యుద్ధ కార్యదర్శి జెఫర్సన్ డేవిస్. తరువాత బానిసత్వాన్ని నిలుపుకోవాలని తిరగబడ్డ రాష్ట్రాలకు అధ్యక్షుడైనవాడు ఇతడే. 1856 మే నెలలో 34 ఒంటెలు టెక్సాస్ తీరంలోని ఇండియనోలా రేవులో దిగాయి, మరుసటి ఏడు మరో 41 వచ్చాయి. ఒంటెకు బరువు కట్టడం అమెరికా సైనికులకు తెలియదు గనుక ఉస్మానియా సామ్రాజ్యపు నేలల నుంచి కాపరులనూ రప్పించారు. వారిలో ఒకడు హాజీ అలీ. 1857లో ఎడ్వర్డ్ బీల్ అనే అధికారి ఒంటెలతో కొలరాడో నది దాకా బండిదారి సర్వే చేసినప్పుడు ఆయన ఆ బృందంలో ఉన్నాడు. ఆ దారి మీదనే తరువాతి కాలంలో చాలావరకు ప్రఖ్యాతమైన రూట్ 66 రహదారి సాగింది. అంటే, ఇప్పుడు ఈ పెద్ద బండ్లు వినోదంగా తిరిగే దారుల్లో ఒకదాన్ని కొలిచిన కాళ్ళలో ఒక హాజీ కాళ్ళూ ఉన్నాయి.

అంతర్యుద్ధం వచ్చింది, ఒంటెల ప్రయోగం అటకెక్కింది. కొన్నిటిని వేలం వేశారు, కొన్ని ఎడారిలో కలిసిపోయాయి. హాజీ అలీ అక్కడే ఉండిపోయాడు. సరుకులు మోశాడు, బంగారం వెతికాడు, సైన్యానికి దారి చూపాడు. 1880లో ఫిలిప్ టెడ్రో అన్న పేరుతో పౌరసత్వం తీసుకుని టూసాన్‌లో పెళ్ళి చేసుకున్నాడు. ఇద్దరు ఆడపిల్లలు కలిగారు. 1902లో క్వార్ట్‌జ్‌సైట్‌లో కన్నుమూశాడు. ఆయన ఏ విశ్వాసంతో వెళ్ళాడన్నది అల్లాహ్‌కు ఎరుక. మనం తీర్పరులం కాము. చుట్టూ ఒక్క మసీదు లేని ఎడారిలో నలభై ఏళ్ళకు పైగా గడిపిన మనిషి. ఆయన పేరును కూడా నోరారా పలికేవారు లేకపోయారు.

“ఇది పేరా దాదీ? ఎవరినో పలకరించినట్లు ఉంది” అన్నాడు మనవడు ఫలకం చదివి. హాజీ అలీ అన్న మాటే అలా మారిందని చెప్పాను. కాసేపు ఊరుకుని, “వాళ్ళకు పలకడం రాలేదా, పలకాలని అనుకోలేదా?” అని అడిగాడు.

“రెండూ అయి ఉండవచ్చు నాన్నా. ఆయనే విసిగి చెప్పడం మానేసి ఉండవచ్చు.”

వాడి పేరు మొహమ్మద్‌తో మొదలవుతుంది. బడిలో అందరూ ‘మో’ అంటారు. వాడే అలా చెప్పుకున్నాడని మా కోడలు ఒకసారి బాధపడింది. ఆ శ్మశానంలో ఈ సంగతి ఎవరమూ ఎత్తలేదు. ఆ సాయంకాలం పక్క బండి పెద్దాయన నెగడు దగ్గర వాడి పేరు అడిగితే, మొత్తం పేరు చెప్పాడు. ఆయన రెండుసార్లు తడబడ్డాడు. వాడు ఓపికగా విడదీసి పలికి చూపించాడు. మూడవసారికి దాదాపు సరిగ్గా వచ్చింది.

మగ్రిబ్ వేళకు బండి వెనుక ఖాళీ స్థలంలో తివాచీ పరచినవాడు కూడా వాడే. ఎవరమూ చెప్పలేదు. మేము నిలబడగానే పక్క బండిలో మోగుతున్న రేడియో ఆగిపోయింది. సలాం తిప్పాక మళ్ళీ మెల్లగా మొదలైంది. పొరుగువాడి హక్కు గురించి జిబ్రీల్ (అలై) ఎంతగా తాకీదు చేశారంటే, చివరకు వారసత్వంలో భాగం కూడా ఇస్తారేమో అనిపించిందని దైవప్రవక్త (స) చెప్పారు. ఆ హదీసును మేము చదువుకున్నవాళ్ళం. ఆ వృద్ధుడు దాన్ని విని ఉండడు.

మూడవ రోజు కోఫా వన్యప్రాణి ఆశ్రయానికి వెళ్ళాము. వంకీ కొమ్ముల ఎడారి కొండగొర్రెల కోసం 1939లో ఏర్పరచిన అభయారణ్యమది. ‘కింగ్ ఆఫ్ అరిజోనా’ అనే పాత బంగారు గని పేరులోని తొలి అక్షరాల నుంచి ఆ పేరు వచ్చింది. పెద్ద బండిని మకాంలోనే ఉంచి, వెంట తెచ్చుకున్న కారులో 95వ నంబరు రహదారి మీద దక్షిణంగా 18 మైళ్ళు, ఆపైన 7 మైళ్ళ మట్టిదారి. అక్కడి నుంచి అర మైలు రాళ్ళబాట ఎక్కితే, కొండ చీలికలో ఇరుక్కుని ఒక తాటిగుంపు కనిపిస్తుంది. ఎవరూ నాటినవి కావు. ఆకు చూడగానే మన తాటాకే గుర్తుకు వస్తుంది. రెండు నిట్టనిలువు గోడల నడుమ, రోజుకు కొద్దిసేపు మాత్రమే ఎండ పడే చోట, రాళ్ళ సందుల్లో నిలిచే కాస్త తేమతో అవి బతుకుతున్నాయి. చుట్టూ మైదానంలో సగ్వారో జెముళ్ళు మనుషుల్లా చేతులెత్తి నిలబడి ఉంటాయి. మొదటి చేయి మొలవడానికే వాటికి యాభై ఏళ్ళకు పైగా పడుతుందట. అల్లాహ్ భూమిలో సంచరించి తన సృష్టి ఎలా ఆరంభమైందో చూడమన్న అన్‌కబూత్ సూరా ఆదేశాన్ని అక్కడే పిల్లలకు చెప్పాము. ఎక్కడంలో మా అబ్బాయి, కోడలు పందెం వేసుకున్నారు. ఎవరు గెలిచారో చెప్పను. ఒక ప్రయాణంలో దైవప్రవక్త (స), హజ్రత్ ఆయిషా (రజి) పరుగుపందెం వేసుకున్న ఉదంతం అబూదావూద్‌లో ఉన్నదని మాత్రం కోడలికి చెప్పాను. ఆ దారిలో నీటి వసతి లేదు, ఫోను పనిచేయదు. మనిషికి మూడు లీటర్ల నీరు లేనిదే బయలుదేరవద్దు. వేసవిలో అసలు వెళ్ళవద్దు.

బయలుదేరే ఉదయం కోడలు బండి లోపలి వస్తువులు సర్దుతుంటే, అబ్బాయి తొట్లు ఖాళీ చేసి గొట్టాలు కడిగాడు. పిల్లలు జాగా అంతా తిరిగి కాగితపు ముక్కలు, సీసా మూతలు ఏరారు. మాకు ముందున్నవారు వదిలిన మేకులు నాలుగు దొరికాయి. నెగడులో నీళ్ళు పోసి, బూడిదను చేత్తో తడిమి చూసి గాని కదలలేదు. నిద్రకు ముందు నిప్పు ఆర్పమన్న ఉపదేశం ఇంటికి ఎంతో, ఎడారి గాలికి ఎగిరే నిప్పురవ్వకూ అంతే వర్తిస్తుంది. మిన్నెసోటా దంపతులు మార్చి దాకా అక్కడే ఉంటామన్నారు. మా షోర్వా ఎలా కాస్తారో ఆవిడ ఒక కాగితం మీద రాసుకున్నది. ‘ధనియాలు’ అన్న మాట దగ్గర ఆగి, రెండుసార్లు చెప్పించుకున్నది.

ప్రయాణం ముగించి ఊరు చేరినప్పుడు ముందు మసీదుకు వెళ్ళి రెండు రకాతులు చదవడం దైవప్రవక్త (స) అలవాటు. ఫీనిక్స్‌లో మా అబ్బాయి నేరుగా అక్కడికే తీసుకువెళ్ళాడు. ఆవరణలో ఆ ముప్పై అడుగుల బండి పట్టే చోటు లేకపోయింది. వీధి చివర నిలిపి, పిల్లల చేతులు పట్టుకుని నడిచి వెళ్ళాము.